పాత డబ్బా, సొంత డబ్బా

ఎవరో ఒకరు బుద్ధిగా తన కారు తాను కడుక్కుని, సీసాలోంచి ఏదో ద్రవం చిలకరించి, మెత్తటి గుడ్డతో తుడుచుకుంటూ ఉంటారు. వెనక నుంచి ఒక నిట్టూర్పు వినిపిస్తుంది. తిరిగి చూడనక్కరలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, తల ఒక పక్కకు వాల్చి, పోయినవాళ్లను తలచుకుంటున్న ముఖంతో ఆయన నిలబడి ఉంటారు. "ఇదీ ఒక పాలిషేనా నాయనా? మైనం అంటే మా రోజుల్లోది. గుండ్రటి రేకు డబ్బా. వేలు పెడితే దిగేది కాదు. పూసి రుద్దితే బానెట్‌లో ముఖం చూసుకునేవాళ్లం."

ఆయన మీకు తెలుసు. మనందరికీ తెలుసు. చేతిలో తడిగుడ్డ ఉన్న ప్రతి మనిషి వెనకా ప్రకృతి ఒకరిని ఏర్పాటు చేసి ఉంచింది. సౌకర్యం కోసం ఆయనను డబ్బా పెద్ద అని పిలుచుకుందాం. పాత కారు మైనాల మీద ఆయన వెలిబుచ్చే అభిప్రాయాలను తగిన గౌరవంతో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆ గౌరవం ఎన్ని పేరాలు నిలుస్తుందో హామీ ఇవ్వలేను.

డబ్బా పెద్ద మొదట ఎత్తేది వాసన సంగతి. "మూత తీస్తే చాలు, ఆ వాసన..." అంటూ కళ్లు మూసుకుంటారు. కళ్లు మూసుకుని ఉన్నప్పుడే చెప్పేయడం మేలు. ఆయన తలచుకుంటున్నది మైనం వాసన కాదు, నాఫ్తా. కిరోసిన్‌కు దగ్గరి చుట్టం. గట్టి మైనం గుడ్డకు లొంగదు కాబట్టి దాన్ని అలాంటి పెట్రోలియం ద్రావకంలో కలిపి ముద్ద చేసేవారు. పూసిన కాసేపటికి ద్రావకం ఆవిరైపోయి, తెల్లటి పొర మిగిలేది. ఆవిరైనది ఎక్కడికి పోయింది? తలుపు వేసిన షెడ్డులో దానికి వెళ్లడానికి ఉన్న చోటు ఒక్కటే, పూస్తున్నవాడి ముక్కు. అంటే ఆయన డబ్బు పెట్టి కొన్న దానిలో ఎక్కువ పాలు గాలిలో కలిసిపోయింది. ఇప్పుడు ఆయన బెంగ పెట్టుకున్నది సరిగ్గా ఆ పోయిన భాగం మీదే.

పైగా మూత మీద ఏముండేది? "నూరు శాతం స్వచ్ఛమైన కార్నోబా." ఈ వాక్యం రాసినవాడికి సన్మానం చేయాలి. కార్నోబా ఈశాన్య బ్రెజిల్‌లో పెరిగే ఒక జాతి తాటిచెట్టు ఆకుల మీద ఏర్పడే మైనం. ప్రకృతిలో దొరికే మైనాల్లో అతి గట్టిది. 82 నుంచి 86 డిగ్రీల సెల్సియస్ మధ్య గానీ కరగదు. నిజంగా నూరు శాతం కార్నోబాయే డబ్బాలో నింపి ఇస్తే అది పెళుసు పెంకులుగా ఉంటుంది. దాన్ని కారుకు పూయలేరు, కారును దానితో గీకగలరు. మరి లేబుల్ అబద్ధమా? కాదు, అందులోనే ఉంది గొప్పతనం. డబ్బాలో వేసిన కాసింత కార్నోబా నూరు శాతం స్వచ్ఛమైనదే. డబ్బాలో మిగతాది ఏమిటని ఎవరూ అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. న్యాయశాస్త్రం చదివే పిల్లలకు ఆ మూతను పాఠంగా పెట్టవచ్చు.

వాసన తర్వాత మెరుపు. ఈ దగ్గరకు వచ్చేసరికి డబ్బా పెద్ద స్వరం గంభీరమవుతుంది. "ఇప్పటి పాలిష్‌లు రుద్దితే గుడ్డ తెల్లగానే ఉంటుంది. మా మైనం రుద్దితే గుడ్డకు కారు రంగు అంటేది. అంత బలంగా పనిచేసేది!"

అయ్యా, గుడ్డకు అంటినది కారే.

కొంచెం వెనక్కి వెళ్లాలి. తొలినాటి కార్లకు కుంచెతో వార్నిష్ వేసేవారు, పొరలన్నీ ఆరడానికి వారాలు పట్టేది. 1920లలో డ్యూపాంట్ కంపెనీ డ్యూకో అనే నైట్రోసెల్యులోజ్ లాకర్, అంటే త్వరగా ఆరే మెరుపు రంగు, తెచ్చింది. 1924 మోడల్ ఓక్‌లాండ్ కార్లకు అది వేశారు. స్ప్రే చేస్తే గంటల్లో ఆరేది, వారాల పని రోజుల్లోకి వచ్చింది. ఆ లాకర్లకు గానీ తర్వాత వచ్చిన ఎనామెల్ రంగులకు గానీ పైన పారదర్శకమైన పొర ఉండేది కాదు. ఎండ నేరుగా రంగు మీద పడేది. రంగును పట్టి ఉంచే జిగురును అతినీలలోహిత కిరణాలు విరగ్గొట్టేవి. పట్టు తప్పిన రంగు సుద్దపొడిగా పైకి తేలేది. ఎర్ర కారు గులాబీ అయ్యేది, నల్ల కారు బూడిద అయ్యేది. అప్పుడు మన పెద్దమనిషి డబ్బా తెచ్చేవారు. ఆ రోజుల్లో పేరున్న సిమొనైజ్ అనే పాలిష్ జంటగా వచ్చేది. ముందు క్లీనర్, ఆ పైన మైనం. ఆ కాలపు క్లీనర్లలో ఉండేది మెత్తటి రాపిడి పొడి. కొన్నిటిలో డయాటమ్ మట్టి కూడా ఉండేది, అంటే ఎన్నో లక్షల ఏళ్ల కిందట నీళ్లలో బతికిన సూక్ష్మజీవుల గాజు పెంకులు. వాటితో రుద్దితే చచ్చిన రంగు పొర లేచిపోయి, కింద ఉన్న బతికిన రంగు బయటపడేది. అదే మెరుపు. మైనం చేసింది ఆ మెరుపును కొన్నాళ్లు కప్పి ఉంచడం, అంతే.

రెండు నెలలకు మళ్లీ సుద్ద, మళ్లీ క్లీనర్, మళ్లీ మెరుపు. ప్రతిసారీ కారు కాస్త పలచబడేది. మడ్‌గార్డ్ అంచుల దగ్గర, బానెట్ మడతల దగ్గర రంగు పూర్తిగా అరిగిపోయి, అడుగున వేసిన ప్రైమర్ కనిపించేది. "ఎంత వాడామో చూడు, ప్రేమగా చూసుకున్న కారు" అనేవారు. ఆ ప్రేమ ఇంకో పదేళ్లు సాగి ఉంటే రేకు మిగిలేది కాదు.

1980ల నుంచి కార్లకు రంగు మీద క్లియర్ కోటు అనే పారదర్శకమైన పొర వేయడం వ్యాపించింది. దాని మందం సుమారు 40 నుంచి 50 మైక్రాన్లు, తల వెంట్రుక కన్నా తక్కువ. ఎండ నుంచి కాపాడే రసాయనాలు దానిలోనే ఉంటాయి. ఇక గుడ్డకు రంగు అంటదు. అంటకపోవడం చూసి డబ్బా పెద్ద "పనిచేయడం లేదు" అని తీర్పు ఇచ్చి, పాత రాపిడి క్లీనర్ వెతికి తెచ్చి, ఆ నలభై మైక్రాన్ల మీద పాత కక్షలన్నీ తీర్చుకుంటారు. పక్క ఇంటి కుర్రాడి కొత్త కారు మీద కూడా, అడగకపోయినా.

రుద్దే పద్ధతికి శాస్త్రం ఉంది. కారు నీడలో ఉండాలి. గాలి వీయకూడదు. వలయాలుగా రుద్దాలి. నిలువుగా రుద్దినవాడికి ఆ ఇంట్లో భోజనం పెట్టరు. గుడ్డగా పాత బనియన్ వాడాలి, దాని కుట్టు తీయకూడదు. ఎండలో నల్ల కారు పక్కన నిలబడి చూస్తే దీపం చుట్టూ తిరిగినట్టు కనిపించే ఆ సన్నటి వలయాల గీతలు ఎక్కడివో ఇప్పుడు మీకు అర్థమై ఉండాలి. అవి శాస్త్రోక్తంగా ఏర్పడ్డాయి. ఫోను రావడం వల్లనో, కాఫీ తాగడం వల్లనో పూసిన మైనాన్ని కాసేపు ఎక్కువ ఆరనిచ్చారా, ఇక దాన్ని తీయడం ఆ పూట జరిగే పని కాదు. నల్ల రబ్బరు అంచుల్లో దిగిన తెల్ల మరకలు కారు అమ్మే రోజు దాకా ఉండేవి, కొన్నవాడికి కూడా సంక్రమించేవి. టూత్‌బ్రష్‌తో వాటిని గోకడం ఒక ప్రత్యేక కళ. బకెట్టు నీళ్లలో కాస్త కిరోసిన్ కలిపి కడిగితే మైనమే అక్కరలేదనే మరో శాఖ కూడా ఉంది. కడిగినప్పుడు నిజంగానే నిగనిగలాడుతుంది, జిడ్డు కాబట్టి. మర్నాటికి ఊళ్లో దుమ్మంతా ఆ జిడ్డు మీదకు చేరుతుంది. ఆ శాఖతో వాదించి లాభం లేదు, వదిలేద్దాం.

అమ్మినవాళ్ల తెలివిని మాత్రం తక్కువ చేయకూడదు. 1940లలో షికాగోలో బెన్ హిర్ష్ అనే ఆయన తన పాలిష్‌ను స్నానాల తొట్టిలో కలిపేవారని చెబుతారు. ఆ సరుకే తర్వాత టర్టిల్ వ్యాక్స్ అయింది. ఆయన అమ్మకం పద్ధతి గురించి కూడా ఒక కథ ఉంది. నిలిపి ఉంచిన కారు దగ్గరకు వెళ్లి, ఒక్క ఫెండర్ మాత్రం తళతళలాడేలా రుద్ది, యజమాని కోసం ఎదురుచూస్తూ నిలబడేవారట. పాపం ఆ యజమాని ఏం చేస్తాడు? కారు నాలుగో వంతు కొత్తది, ముప్పాతిక పాతది. సీసా కొనక తప్పదు. కారు మైనం చరిత్రలో నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునే ఘట్టం ఇదొక్కటే. మోసం లేదు, మాట లేదు, కేవలం ఒక ఫెండర్.

ఆ తర్వాత వచ్చినవాళ్లకు ఫెండర్ చాల్లేదు. నిప్పు కావలసి వచ్చింది.

అర్ధరాత్రి టీవీల్లో అరగంట సేపు నడిచే పాలిష్ ప్రకటనలు గుర్తున్నాయి కదా? డబ్బా పెద్ద దృష్టిలో అది విజ్ఞానశాస్త్రపు స్వర్ణయుగం. వేదిక మీద ఒక ఖరీదైన కారు. దాని పక్కన పళ్లన్నీ కనిపించేలా నవ్వుతూ ఒక మనిషి. ఎదురుగా జీతానికి ఆశ్చర్యపోయే ప్రేక్షకులు. ఆయన బానెట్‌కు పాలిష్ పూస్తాడు. తర్వాత దాని మీద స్పిరిట్ పోస్తాడు. అగ్గిపుల్ల గీస్తాడు. గుప్పున మంట. ప్రేక్షకులలో ఒకామె గుండె మీద చేయి వేసుకుంటుంది. మంట ఆరుతుంది. ఆయన గుడ్డతో ఒక్కసారి తుడుస్తాడు. అద్దం! చప్పట్లు. ఒకటి కొంటే మరొకటి ఉచితం, వెంటనే ఫోన్ చేస్తే చిన్న తువ్వాలు కూడా.

ఈ ప్రయోగాన్ని నేను చాలా గంభీరంగా తీసుకున్నాను. కారు యజమాని జీవితంలో ఈ పరిస్థితి ఎప్పుడెప్పుడు వస్తుందో ఆలోచించాను. ఉదయం ఆఫీసుకు బయలుదేరుతాం. ఎవరో అపరిచితుడు స్పిరిట్ సీసాతో కారు పక్కన నిలబడి ఉంటాడు. "నమస్కారం" అంటాడు. "నమస్కారం" అంటాం. పోస్తాడు, ముట్టిస్తాడు. మనం గడియారం చూసుకుంటాం, ఆలస్యమవుతోంది. మంట ఆరగానే గుడ్డ తీసి తుడుస్తాం. "భలే పాలిష్ వాడారండీ" అని అతను మెచ్చుకుంటాడు. "ఒకటి కొంటే మరొకటి ఉచితం" అని మనం చిరునామా ఇస్తాం. అతను పక్క కారు దగ్గరకు వెళ్తాడు. ఆ కారువాడు పాలిష్ వేయించలేదు. అయినా అతని బానెట్‌కు కూడా ఏమీ కాదు.

ఏమీ కాదు, అదే అసలు సంగతి. స్పిరిట్ 78 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ద్రవం మిగిలి ఉన్నంతసేపు దాని అడుగున ఉన్న రేకు వేడి ఆ హద్దును పెద్దగా దాటదు. మండేది పైనున్న ఆవిరి. మైనం పూసినా, పూయకపోయినా, దానికి బదులు ఆవాల పిండి పూసినా, కొన్ని క్షణాల మంటకు రంగు చెక్కుచెదరదు. ఆ వేదిక మీద పాలిష్ చేసిన పని సున్నా. కష్టపడి పనిచేసింది స్పిరిట్. దానికి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అదే బానెట్‌ను మండుటెండలో మధ్యాహ్నం దాకా నిలబెట్టండి. ముదురు రంగు రేకు 70 డిగ్రీలు దాటుతుంది. డబ్బాలో కార్నోబాకు తోడుగా కలిపే తేనెమైనం 64 డిగ్రీలు వచ్చేసరికే కరిగిపోతుంది. నిప్పులో స్నానం చేసి వచ్చిన మహావీరుడు పార్కింగ్‌లో కరిగిపోతాడు. ఆ దృశ్యాన్ని అర్ధరాత్రి కూడా ఎవరూ చూపించలేదు.

టెఫ్లాన్ పేరు చెప్పి అమ్మినవాళ్లూ ఉన్నారు. 1938లో కనుగొన్న ఆ పదార్థం 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది. పెనానికి పట్టించాలంటే పెద్ద మంట మీద కాల్చాలి. కారుకు అలాగే పట్టించాలంటే కారునూ కాల్చాలి. అయినా చల్లటి గుడ్డతో పూసి "టెఫ్లాన్ కవచం" అన్నారు, జనం విన్నారు.

డబ్బా పెద్దను మాత్రమే అంటున్నానని ఆయన కొడుకు నవ్వుకుంటున్నట్టున్నాడు. అతను సిరామిక్ కోటింగ్ చేయించాడు. "నైన్ హెచ్ గట్టిదనం" అంటాడు, వజ్రం పది కాబట్టి తన కారు దానికి ఒక్క మెట్టు కింద ఉందన్న ధీమాతో. వజ్రానికి పది ఇచ్చింది 1812లో ఖనిజాల కోసం ఫ్రెడరిక్ మోస్ పెట్టిన కొలత. నైన్ హెచ్ అన్నది పెన్సిల్ కొలత. పెన్సిల్ ముల్లులో ఉండేది గ్రాఫైటూ మట్టీ. అందులో అతి గట్టి పెన్సిల్‌తో గీస్తే గీత పడలేదని దాని అర్థం. రోడ్డు దుమ్ములోని ఇసుక రేణువు క్వార్ట్జ్, మోస్ కొలతలో ఏడు. కాబట్టి రోడ్డు మీద పెన్సిళ్లు మాత్రమే ఎగురుతున్న పక్షంలో ఆ కారుకు గీతలు పడవు. సిరామిక్ పొర మైనం కన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది, కడగడం సులువవుతుంది, ఒప్పుకుంటాను. ఆ మాట చెప్పి అమ్మితే ఏమయ్యేది? వజ్రం ఎందుకు మధ్యలో? సరే, తండ్రికి నిప్పు, కొడుక్కి పెన్సిల్.

ఇంతవరకూ నవ్వుకున్నాం. డబ్బా పెద్ద చివరి వాదం ఒకటి మిగిలి ఉంది. అక్కడ నాకు నవ్వు రాదు.

"మేం కష్టపడేవాళ్లం. మీలాగా చిలకరించి తుడిచేయడం కాదు. ప్రతి ఆదివారం చెమటోడ్చి రుద్దేవాళ్లం."

ఎవరు? ఆ "మేం"లో ఎవరెవరున్నారు? నాకు తెలిసిన ఆదివారాల్లో పెద్దమనిషి కుర్చీలో ఉండేవారు. పేపరు మీదుగా చూసి "ఆ మూల వదిలేశావు" అనేవారు. రుద్దినది కొడుకు, మేనల్లుడు, డ్రైవరు. కాకపోతే పనికి కుదిరిన కుర్రాడు. వాడి పేరు కూడా ఎవరికీ సరిగ్గా తెలియదు, "ఏయ్" అంటే పలికేవాడు. పొద్దున్నే ముట్టుకున్న గుడ్డ మధ్యాహ్నానికి గానీ కింద పెట్టేవాడు కాదు. వాడి గోళ్ల సందుల్లో కారు రంగు. వాడి ముక్కులో ఆ నాఫ్తా, ఈయన కళ్లు మూసుకుని తలచుకునే ఆ పరిమళం. ఒక్క చేతిమోజా ఇచ్చినవాడు లేడు. బానెట్‌లో ముఖం చూసుకున్నది ఎవరు? కుర్చీ. ఈ రోజు ఆ శ్రమను కూడా తన ఖాతాలో వేసుకుని, సొంత కారు సొంత చేత్తో తుడుచుకుంటున్నవాడిని సోమరి అంటున్నది ఎవరు? అదే కుర్చీ.

ఆ కుర్రాడికి కూడా ముందు ఇంకొకడున్నాడు. కార్నోబా ఆకు దానంతట అది డబ్బాలోకి రాదు. పియావీ, సియారా రాష్ట్రాల ఎండలో, పొడవాటి గడకు కొడవలి కట్టి, ముళ్ల కాడలున్న ఆకుల్ని ఎత్తు నుంచి కోయాలి. ఎండబెట్టాలి. ఎండాక బాది, రాలిన పొడిని పోగుచేయాలి, ఆ దుమ్మంతా పీలుస్తూ. 2017లో జర్మనీలోని ఏఆర్‌డీ టెలివిజన్ ఒక మిఠాయి కంపెనీ వాడే కార్నోబా ఎక్కడి నుంచి వస్తోందో వెతుక్కుంటూ వెళ్లి ఆ తోటలు చూపించింది. మిఠాయిలు అంటుకోకుండా మెరిసేందుకు పూసేది కూడా ఇదే మైనం. ఆరుబయట, లారీల్లో పడుకునే కూలీలు. మరుగుదొడ్డి లేదు. వడకట్టని ఏటి నీళ్లు తాగాలి. వాళ్లలో పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలు. బానిసత్వంతో సమానమైన పని అని బ్రెజిల్ శిక్షాస్మృతిలో ఒక నేరం ఉంది. ఆ దేశపు కార్మిక తనిఖీ అధికారులు కార్నోబా తోటల నుంచి మనుషుల్ని ఆ పేరు కిందనే విడిపించారు. మిఠాయికి ఒక చెట్టు, కారుకు ఇంకో చెట్టు లేదు. ఉన్నది ఆ ఒక్క జాతే, ఆ ఒక్క ప్రాంతమే.

మీ ఎర్ర కారు మెరవడానికి ఒక పిల్లవాడు ఏటి నీళ్లు తాగాలా? ఇది అడిగితే "మైనం గురించి మాట్లాడుతుంటే రాజకీయాలెందుకు" అంటారు. మైనం గురించే మాట్లాడుతున్నాను. అది ఎక్కడి నుంచి వచ్చిందన్నది మైనం గురించి కాకపోతే మరి దేని గురించి? చెక్క పెట్టెల్లో, వెల్వెట్ గుడ్డ పరిచి, చేత్తో పోసిన మైనమని చెప్పి ఇప్పుడు అదే సరుకును పాతకాలపు వైభవంగా అమ్ముతున్నారు. చేత్తో పోశారట. ఆకు కోసిన చేతి గురించి ఒక్క ముక్క లేదు.

డబ్బా మూత మీద స్వచ్ఛత శాతం అక్కరలేదు. ఏ తోట, ఎవరు తనిఖీ చేశారు, కోసినవాడికి రోజుకు ఎంత ఇచ్చారు, ఆ మూడు సంగతులు అచ్చు వేయండి. చోటు లేదనకండి, మూత గుండ్రంగా, పెద్దగా, ఖాళీగానే ఉంది. ఇంకా చాలకపోతే మంట బొమ్మ తీసేయండి, సరిపోతుంది.